బొంతకు స్నానం

ఆమె భయం ఒక్కటే. ఏదో ఒక రోజు, ఏదో ఒక కుక్క, తన బిడ్డ మీద పడుతుంది.

అయినా ఇంటికింత కూడు పెట్టేది ఆ కుక్కలే. ఎనిమిదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. పశువుల ఆసుపత్రిలో రెండేళ్ళు నేల తుడుస్తూ, గోళ్ళు తీయడం, బొచ్చు దువ్వడం, చెవులు శుభ్రం చేయడం చూసి నేర్చుకుంది. ఇప్పుడు ఇంట్లోనే చేస్తోంది. స్నానాల గది ముందు ఒక పాత బల్ల, దాని మీద రబ్బరు పట్టా. బల్లకూ, పది నెలల పాప పాకే గదికీ మధ్య నడుమెత్తు చెక్క తడిక.

తడిక ఉన్నా సరే, నిమిషానికోసారి తలెత్తి చూస్తుంది.

"కన్నపిల్లకి తల దువ్వే తీరిక లేదు గానీ, ఊరి కుక్కలన్నిటికీ సింగారాలు!" అంటుంది అత్త.

"దువ్వడానికి దానికి జుట్టేదీ, అత్తయ్యా?"

ఆ శనివారం పైవాటా ఆయన కూతురితో పాటు కుక్కను తీసుకొచ్చాడు. తల్లి లేని పిల్ల. ఎనిమిదేళ్ళుంటాయి. అంత ఉక్కలోనూ పొడుగు చేతుల చొక్కా. ఆయన మర్యాదస్తుడు. మెట్ల మీద ఎవరెదురైనా పక్కకు తప్పుకుని దారిస్తాడు.

"కంపు కొడుతోందమ్మా. నున్నగా గొరిగేయండి," అని వెళ్ళిపోయాడు.

పిల్ల ఒక్క క్షణం ఆగింది.

"దీని పేరేంటమ్మా?"

"బొంత."

ఆమెకు నవ్వొచ్చింది. వీపు మీద బొచ్చంతా ఉండలు కట్టి, నిజంగానే పాత బొంతలా ఉంది. "భలే పేరు పెట్టావే!"

"నా మీదే పడుకుంటుంది ఆంటీ. అందుకని."

ఆమె చప్పున తడిక అవతలికి చూసింది. "మీద పడుకోనివ్వకు తల్లీ. ఊపిరాడదు."

పిల్ల బొంత చెవులు నిమిరింది. "తొందరగా పంపించేస్తారా?" అని మాత్రం అడిగి వెళ్ళింది.

బొంత కిక్కురుమనకుండా గోళ్ళు తీయించుకుంది. చెవులు తుడిపించుకుంది. పొట్ట కింద బొచ్చు పట్టులా ఉంది, దువ్వెన పెడితే జారిపోయింది. చిక్కంతా వీపు మీదే. అక్కడ చెయ్యి పడితే చాలు, చర్మం వణికిపోయేది. ఉండలు వేళ్ళకు లొంగలేదు. గొరిగే మిషన్ పెట్టింది. ఒక్కో ఉండా రాలింది.

కింద గీతలు. మానినవి కొన్ని, ఇంకా పచ్చిగా ఉన్నవి కొన్ని.

"చూశావా? కొట్లాటలకి పోయే రకం," అంది అత్త తడిక అవతలి నుంచి. "దాని నంగి చూపు చూసి మోసపోకు. మెత్తగా ఉండేవే కండ ఊడేట్టు కరుస్తాయి."

ఆమె తలెత్తి చూసింది. పాప గిన్నె మూత ఒకటి పట్టుకుని నాకుతోంది.

బొంతకు స్నానం చేయించి, బల్లెక్కించి, తువ్వాలుతో ఒత్తుతుండగా మొగుడు డ్యూటీ దిగి వచ్చాడు. పాప పక్కన నిలబడి, నడుముకున్న బెల్టు విప్పి లాగాడు. బకిల్ గలగలమంది.

బొంత బల్ల మీంచి ఎగిరింది. తడి ఒంటితోనే తడిక దూకింది. పాప మీద పడింది.

నాలుగు కాళ్ళూ చాపి, పొట్టతో పాపను నేలకు అదిమేసింది. పాప కెవ్వుమంది. అత్త గుండెలు బాదుకుంది. ఆమె చేతికందిన మగ్గుతో కొట్టింది. మొగుడు చేతిలో ఉన్న బెల్టుతోనే బాదాడు. బొంత కరవలేదు. గుర్రుమనలేదు. కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా అతుక్కుపోయింది. ఇద్దరూ చెరో కాలూ పట్టి లాగితే గానీ ఊడిరాలేదు.

పాప ఒంటి మీద గోటి గీత కూడా లేదు.

"నోరు తెరిచేలోపు లాగారు కాబట్టి సరిపోయింది!" అంది అత్త.

పాప ఏడుపు ఆగకముందే ఆమె పైవాటా తలుపు కొట్టింది. "అది ఇక్కడుంటే నేనుండలేనండీ. ఏదో ఒకరోజు ఎవరి బిడ్డనో పొట్టన పెట్టుకుంటుంది. మీ పాపకి కూడా మంచిది కాదు."

"మీరింతగా చెప్పాక ఇంకెందుకమ్మా," అన్నాడాయన మెత్తగా. "నాకూ విసుగెత్తిపోయింది. ప్రతిదానికీ అడ్డమే."

సాయంత్రానికి కుక్కల్ని పట్టుకెళ్ళే వ్యాన్ వచ్చింది. అందులో ఎక్కిన కుక్కలు తిరిగి రావు. 'మనుషుల మీద పడుతుంది' అని రాసిన కాగితం కింద సాక్షి సంతకం ఆమే పెట్టింది. పిల్ల మెట్ల మీద కూర్చుని చూసింది. ఏడవలేదు. చొక్కా చేతుల్ని వేళ్ళ దాకా లాక్కుంది, అంతే.

మర్నాటి నుంచి ఆమె నిమిషానికోసారి తలెత్తడం మానేసింది. చాన్నాళ్ళకు ప్రాణం కుదుటపడింది.

నెల తిరక్కుండానే పైవాటా ఖాళీ అయింది. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ చెప్పలేదు.

నిన్న మొగుడు డ్యూటీ దిగి వచ్చాడు. బెల్టు విప్పాడు. బకిల్ గలగలమంది. పాప ఆ చప్పుడు విని, రెండు పళ్ళ నోటితో నవ్వుకుంటూ అటు పాకింది.

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

మీ పక్క వాటాలోకి ఈమధ్య మర్యాదస్తుడైన తండ్రి, పొడుగు చేతుల చొక్కా వేసుకునే కూతురు కొత్తగా వచ్చి ఉంటే, దయచేసి ఈ రోజే తలుపు కొట్టి ఆ పిల్లను ఒక్కసారి చూసి రండి, ఎందుకంటే బెల్టు గలగలమన్నప్పుడల్లా పిల్ల మీద పడుకుని, దెబ్బలన్నీ తన వీపున కాసుకోవడానికి ఇప్పుడు బొంత లేదు.