ఖాళీ పెట్టె బరువు

పారెయ్యడం కోసమే దేవుడు చేసిన వస్తువంటూ లోకంలో ఒక్కటైనా ఉంటుందా? అందరూ అట్టలమ్మ అని పిలిచే ఆవిడను ఏళ్లుగా తొలిచేస్తున్న సందేహం ఇది. సామాన్లు దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే గోదాములో, జనం వదిలేసిపోయిన అట్టపెట్టెల మధ్య కూర్చుని ఆ మధ్యాహ్నం కూడా అదే ఆలోచిస్తోంది. అంతలో పదిహేడో నంబరు గది ఆయన కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నా పెట్టె! గది ఊడ్చుకుందామని బయట నడవలో పెట్టాను. చీపురు మూల పెట్టి వచ్చేసరికి లేదు."

"ఖాళీ పెట్టేనా అన్నయ్యగారూ? అడుగున కాస్త చిరిగిందేనా?"

"అదే, అదే!"

నడవలో ఖాళీ పెట్టె కనబడితే ఏం చెయ్యాలో అక్కడ ఒక పద్ధతి ఉంది. గట్టివాటిని గేటు పక్కన అలమారలో పెడతారు, కొత్తగా వచ్చినవాళ్లు ఊరికే పట్టుకెళ్లొచ్చు. చిరిగినవాటిని చదును చేసి, మిషనులో నొక్కి, తీగతో కట్టలు కట్టి కాగితం మిల్లుకు పంపుతారు. ఆయన పెట్టెను అరగంట క్రితం, మీద ఏం రాసుందో చూడకుండానే, తన చేత్తో నొక్కేసింది.

"కట్ట లారీ ఎక్కేసిందండీ. ఇంకో పెట్టె ఇస్తాను, కొత్తదానికేం తీసిపోదు."

"ఇంకోటి నాకెందుకమ్మా? దాని మీద మా ఆవిడ మాట ఉంది. ఆవిడ పోయాక నాకు మిగిలింది ఆ ఒక్క మాటే."

అట్టలమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పెరటి గుమ్మం వైపు నడిచింది. ఆయన వెంటపడ్డాడు.

ఆ నడవలో దీపాలు మనిషి అడుగు పడితేనే వెలుగుతాయి, దాటగానే ఆరిపోతాయి. కరెంటు వృథా కాకూడదని పెట్టిన ఏర్పాటు. ముందు వెలుగు పుడుతోంది, వెనక చీకటి మెల్లగా తలుపు వేసుకుంటోంది. అటూ ఇటూ ఒకేలాంటి తలుపులు. వాటి వెనక ఎవరెవరి కాపురాలో నిద్రపోతున్నాయనీ, గట్టిగా నడిస్తే మేలుకుంటాయనీ అనిపించిందామెకు.

"ఇల్లు ఖాళీ చేసి ఆవిడ సామానంతా ఇక్కడే పెట్టానమ్మా," ఆయన వెనకనుంచి చెప్పుకుంటూ వస్తున్నాడు. "వచ్చినప్పుడల్లా ఒక్కోటి తీసి, అవసరమున్న వాళ్లకి ఇచ్చేశాను. కుట్టుమిషను ఒకరికి, మంచం ఒకరికి, గిన్నెలు నలుగురికి. చివరికి ఆ పెట్టె మిగిలింది."

"ఖాళీ పెట్టెకు ఒక గదా అన్నయ్యగారూ?"

"ఖాళీ అని మీరంటున్నారు."

పెరట్లో లారీ అప్పటికే గుర్రుమంటోంది.

"ఆపు నాయనా! ఒక కట్ట విప్పాలి."

"కట్టేదీ నువ్వే, విప్పేదీ నువ్వేనా అత్తా?" డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆలస్యమైతే మిల్లు దగ్గర నా వరస పోతుంది. మళ్లీ సాయంత్రందాకా అక్కడ ఈగలు తోలుకోవాలి."

"తోలుకుందువులే. ఈయన ఇంటావిడ మాట అందులో ఉండిపోయింది."

డ్రైవరు ఆయన మొహం చూశాడు. చూసి ఇంజను ఆపేశాడు. "ఏ కట్టో చూపించు," అంటూ లారీ పైకెక్కాడు.

తీగ తెంపగానే కట్ట పెద్ద నిట్టూర్పు విడిచినట్టు విచ్చుకుంది. అట్టల ధూళి లేచి ఎండలో బంగారంలా తేలింది. ఒక్కో అట్టా తీస్తుంటే ఒక్కో ఇల్లు మాట్లాడింది. 'పాప చిన్నప్పటి గౌన్లు.' 'నాన్న కళ్లద్దాలు.' 'ముందు ఇది విప్పాలి.' 'ఇవేంటో నాకూ తెలీదు.'

"అదిగో!"

ఆయన ఆ అట్టను బయటికి లాగి, నాలుగు పక్కలా మళ్లీ పెట్టెలా నిలబెట్టి, పైపంచతో తుడిచాడు. ఆయన భుజం మీదుగా అట్టలమ్మ చదివింది.

'ఇది బరువు. మీరు ఎత్తకండి. నేను వస్తాను.'

పక్కకు ఒరిగిపోయిన ఆ లావుపాటి అక్షరాలు తనవే. ఇక్కడే బరువులు మోసిన తన భర్త కోసం రాసిపెట్టింది. ఆ మనిషి విన్నాడా? ఎత్తాడు, నడుం పట్టేసి నెల్లాళ్లు మంచమెక్కాడు. పెట్టెను అలమారలో పెట్టే ముందు పాత రాత మీద తెల్లకాగితం అంటించాలి. ఆ ఒక్కదానికి మరిచిపోయినట్టుంది.

ఆయన ఆ అక్షరాలను వేళ్లతో నిమురుతున్నాడు. దేవుడా, చెప్పడం పాపమా, ఊరుకోవడం పాపమా? చెబితే ఆ ఇల్లాలు ఆయనకు రెండోసారి పోయినట్టే. ఊరుకుంటే, రేపు దీపం ముందు చేతులు జోడించేటప్పుడు తనకు కళ్లు మూతపడవు.

"అన్నయ్యగారూ, మీరు తిట్టినా పడతాను," అంది. "ఆ రాత మీ ఆవిడది కాదు. నాది. మా ఆయనకి రాసింది. కాగితం అంటించడం మరిచిపోయి అలమారలో పెట్టేశాను, మీరు అదే పట్టుకెళ్లుంటారు."

లారీ పైన డ్రైవరు నాలుక కరుచుకున్నాడు. ఆయన పెట్టెను, నిండా సామానున్నట్టే, రెండు చేతులతో మెల్లగా నేల మీద దించాడు. అట్టలమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మా ఆవిడకి ఒక్క అక్షరం రాయడం రాదమ్మా. రోజూ నోటితో అనే ఆ మాటను రాసిపెట్టిన చెయ్యి ఎవరిదో తెలీక, ఇన్నేళ్లుగా ఈ దండం బాకీ పడి ఉన్నాను."