మార్చి పదో తేదీ మీటింగు

గేటు బయట బైకు ఆపిన మనిషిని చూడగానే కుమారికి అనుమానం వచ్చింది.

చంకలో ఫైలు, చేతిలో హెల్మెట్. అరసవల్లిలో ఆ వీధిలో ఎన్నడూ చూసిన ముఖం కాదు.

భర్త గోవింద్ పోయి ఏడాదైంది. అన్నదమ్ములిద్దరూ పెట్టిన రొయ్యల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అతని డైరెక్టర్ పదవి ఇప్పుడు ఆమెది. గోవింద్ కష్టానికి మిగిలిన గుర్తు అదొక్కటే. ప్రాణం పోయినా వదలనని పంతం పట్టింది.

రెండో డైరెక్టర్ మరిది ఈశ్వర్. మీటింగులంటారా, ఏనాడూ జరిగింది లేదు. జరిగినట్టు అతను రాసి తెస్తాడు, ఆమె వంటింట్లోనే, చదవకుండా సంతకాలు పెట్టేస్తుంది.

"ఎవులొచ్చి అడిగినా మీటింగు అయిందనే సెప్పు వదినా. ఎవలి కాయితమూ సేత్తో ముట్టుకోకు. ఇంటిగుట్టు లంకకి సేటు" అని మరీ మరీ చెప్పాడు ఈశ్వర్.

"కుమారి గారంటే మీరేనా అమ్మా?"

"అవును. ఏటి పని?"

"మీ కంపెనీ కాగితాల విషయమై వచ్చానమ్మా. నేను..."

"మా కాయితాలు మా మరిది సూసుకుంటాడు."

"ఒక్క మాట. మార్చి పదిన బోర్డు మీటింగు నిజంగా జరిగిందా?"

ఓహో, ఆరా తీయడానికి వచ్చాడన్నమాట! పోటీ కంపెనీ మనిషో, కేసులు పెట్టించి బెదిరించే రకమో!

"జరక్కేటి? జరిగింది."

"మీరు వెళ్లారా?"

"నేనెళ్లకుండా ఎలా జరుగుతాది?"

అతని ముఖం వాడిపోయింది. ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

"ఇది చదివి, సంతకం మీదో కాదో చెప్పండమ్మా."

కుమారి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"అన్ని సంతకాలూ నావే. సదవక్కర్లేదు."

"ఇందులో రాసిందంతా మీ ఇష్టంతోనేనా? ఎవరైనా భయపెడితే నాతో చెప్పండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వదినా మరుదుల మధ్య పుల్లలు పెడతాడా!

"నా ఇష్టంతోనే! మా మరిది బంగారం. ఇంక దయసేయి బాబూ, నేదంటే నలుగుర్నీ పిలుస్తాను."

అతను కాగితం మళ్లీ ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. కుమారి వెంటనే ఈశ్వర్‌కి ఫోన్ చేసి భలే బుద్ధి చెప్పానంది. అతను తెగ మెచ్చుకున్నాడు.

వారం తర్వాత కంపెనీకి వెళ్తే, లెక్కలు రాసే తులసి ఆమెను చూసి తెల్లబోయింది.

"ఏటే తులసీ, అలా సూస్తన్నావు?"

"మీరు డైరెక్టర్‌గా రాజీనామా సేసీసారు గదమ్మా? మార్చి పది మీటింగులో. నిన్ననే గవర్నమెంటోల కంపెనీల వెబ్‌సైట్లో మీ పేరు తీసీసారు."

"రాజీనామానా! నా తల్లే, నేనేటీ రాయనేదు. అసలా మీటింగే జరగనేదు!"

తులసి తల దించుకుంది.

"మరి బెన్హర్ గారితో జరిగిందన్నారట గదమ్మా?"

"ఎవులే ఆ బెన్హర్?"

"బయట నుంచి మన కాయితాలు సరిసూసే కంపెనీ సెక్రటరీయమ్మా, ఆయన సంతకం పెడితేగానీ మీ రాజీనామా సెల్లదు, అది మీరు రాసింది కాదేమోనని పది రోజులు ఆపీసి, ఈశ్వర్ బాబు ఎంత అరిసినా లొంగక, మీ నోట 'కాదు' అన్న ఒక్క మాట ఇందామని మీ ఇంటికొచ్చిన మనిషి."