ఐదో అంతస్తు మహారాణి

ఆ అపార్టుమెంటులో లిఫ్టూ నీళ్ల మోటరూ ఫోనులోని రాజ్యం ఆట చెప్పినట్టే నడిచేవి. కిరీటం వారానికొక ఇంటికి దక్కేది; ఆ వారమంతా లిఫ్టు మీదా నీళ్ల మీదా ఆ ఇంటిదే పెత్తనం. వకుళ నిండు చూలాలుగా ఉన్నప్పుడు కిరీటం పక్కింటి పరంధామయ్యగారిది. ఆమెకి లిఫ్టు ఆపించి, "మెట్లెక్కితే ఒంటికి మంచిదమ్మా" అన్నాడు. బిడ్డని కనేసింది గానీ, ఆ మాటని వకుళ ఇంకా మోస్తూనే ఉంది.

ఈ వారం తనే మహారాణి. "ముసలి మంత్రి మోకాళ్ల నొప్పితో కోటగుమ్మంలో నిలబడ్డాడు. పల్లకీ పంపమంటారా?" అని ఫోను అడిగింది. వద్దని నొక్కి, తలుపు తీసుకుని నిలబడింది.

రొప్పుతూ మెట్లెక్కి పైకొచ్చిన పరంధామయ్యగారికి మంచినీళ్లిచ్చి, "మెట్లెక్కితే ఒంటికి మంచిది బాబాయిగారూ" అంది.

ఆయన గుక్క తిప్పుకోకుండా తాగి గ్లాసు తిరిగిచ్చాడు. "వచ్చే వారం కిరీటం మా ఇంటికేనమ్మా."

వకుళ తలుపేసుకుని, ఇంట్లో ఉన్న బిందెలన్నీ కుళాయి కిందికి చేర్చింది.