రెండూ ఒకటే

"మబ్బు పట్టేసినాది బిందూ, నే పోతా," అంటూ ఆదెయ్య ల్యాబు కిటికీ దగ్గర నుంచి లేచాడు.

కావలి కాలేజీకి ఆయన రావడం ఇదే మొదలు. కూతురి ప్రాజెక్టు చూద్దామని సముద్రం ఒడ్డున రొయ్యల గుంటను వదిలి వచ్చాడు. ఎండ లేని రోజు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ల రెక్కలు తిరగకపోతే రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. రేపే పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మే రోజు. పడవ అమ్ముకుని మరీ వేసిన పంట.

"గుంట కాడ మనిషి లేడు గదమ్మా. మీ యమ్మ గూడా మనుబోలు పోయుండాది."

"మనిషెందుకు నాయనా? ఆక్సిజన్ తగ్గితే ప్రోగ్రామే నెట్ ద్వారా ఏరేటర్ల బటన్ నొక్కుతుంది. ఇన్నాళ్లూ నొక్కలేదా?"

"అది మీ సీనియర్ సుకుమార్ రాసింది. నువ్వు రాసింది గాదు."

కన్నకూతురైనా సరే, రొయ్యల విషయంలో ఆదెయ్య ఎవరినీ నమ్మే రకం కాదు.

"ఆయన అనుమానమే నాదీనూ," అన్నారు గైడు హరినాథ్. "పాతది తీసి నీది పెడితే ఎవరికీ తేడా తెలియకూడదు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాశావు, రెండూ సమానమేనని బోర్డు మీద నిరూపించావు, బాగుంది. కానీ ఇది ఉత్త లెక్క కట్టి ఊరుకునే ప్రోగ్రాం కాదు, బయట పని కూడా చేస్తుంది. రెండింటినీ ఇక్కడి నుంచే నిజం గుంట మీద నడిపించు."

బిందు కంప్యూటర్ల వైపు తిరిగింది. తప్పితే పోయేది మార్కులు కాదు, నాయన ఏడాది కష్టం. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి ముందు పాతది, వెంటనే కొత్తది నడిపింది.

పాతదాని తెర మీద అక్షరాలు పడ్డాయి: "ఆక్సిజన్ తక్కువ. బటన్ నొక్కాను."

కొత్తదానిలో ఉలుకూ పలుకూ లేదు. బిందు తెర మీదికి వంగింది. అప్పుడు పడ్డాయి: "ఆక్సిజన్ తక్కువ. బటన్ నొక్కాను."

"ఒక్క అక్షరం తేడా లేదు," అని హరినాథ్ ఆమె భుజం తట్టారు.

ఆదెయ్య ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "అంటే నీది గూడా పని జేసినట్టేనా?"

"చేసింది నాయనా. అదెంతో ఇదీ అంతే."

ఆయన మొహం విప్పారింది. కాళ్లకు తొడుక్కున్న చెప్పులు మళ్లీ విడిచాడు. "అయితే సాయంత్రం బస్సుకే పోతాలే. సార్‌కు గూడా టీ చెప్పు."

గుంట గట్టు మీది ఆ బటన్‌ను ఒకసారి నొక్కితే రెక్కలు తిరుగుతాయి, ఇంకోసారి నొక్కితే ఆగిపోతాయి.