ఊడిన పైపు

"పైపు మళ్లీ ఊడిపోయిందట!"

కారు షెడ్డులోకి వచ్చి ఆగకముందే గార్డుగారి అమ్మాయి అరిచింది. తెల్లచొక్కా గార్డుగారు పక్కసీట్లోంచి మెల్లగా దిగి, తనకలవాటైన స్టూలు మీద కూలబడ్డారు. రైలు ఉద్యోగం ఏనాడో అయిపోయినా ఆయన అందరికీ గార్డుగారే. పొగ రంగు చూసి రోగం చెబుతాడని ఈ మెకానిక్‌కి పొగ డాక్టరని పేరు పెట్టింది ఆయనే.

"పొగ పరీక్షలో మళ్లీ తప్పింది," అంది అమ్మాయి. "పరీక్ష కాగితం లేనిదే కారు ముట్టుకునేదే లేదంటున్నారు కొనేవాళ్లు. ఒక్క పైపు బిగించడం అంత బ్రహ్మవిద్యా?"

డాక్టరు బానెట్ ఎత్తాడు. ఇంజను పక్కన బొటనవేలంత లావు రబ్బరు పైపు మూతి ఊడి వేలాడుతోంది.

"అసలిదేం చేస్తుంది? పీకి పారేస్తే పోలా?"

"చాలామంది చేసేది అదేనమ్మా. పీకేసి, కన్నానికి బిరడా కొడతారు. వెనకటి ఇంజన్లు కడుపులో కంపంతా వీధిలోకి వదిలేవి. ఈ పైపు వచ్చాక దాని మురికి అదే మింగి, మళ్లీ మండించుకుంటోంది. ఇది ఊడితే దొంగగాలి దూరుతుంది. పెట్రోలు సరిగా మండదు, పొగ చెడుతుంది."

"నాలాగన్నమాట," అన్నారు గార్డుగారు. "ఏదొచ్చినా కడుపులోనే దాచుకోవాలి."

అమ్మాయి నవ్వలేదు. "ఏమీ అనుకోకండి, మీకు వయసు మీదపడింది. బిగించానంటారు, మర్చిపోతారు. ఈసారీ తప్పిందంటే వేరే షెడ్డు చూసుకుంటాను."

డాక్టరు తల దించుకున్నాడు. నిజంగానే సిగ్గనిపించింది. ఆ పేరు తప్ప అతనికి మిగిలిందేముంది? కొత్తకార్లన్నీ కంపెనీ వర్క్‌షాపులకే పోతున్నాయి. భుజం నొప్పి పుడుతోంది. ఇంటికెళ్తే తాళం తనే తీసుకోవాలి, దీపం తనే వేసుకోవాలి. విసుగొచ్చేసింది బతుకు మీద. ఈ కారు వచ్చే రోజు మాత్రం పొద్దున్నే షెడ్డు ఊడ్చి, రెండో గ్లాసు కూడా కడిగిపెడతాడు. గార్డుగారు పట్టాలు తప్పిన గూడ్సుబండి కథ మొదలుపెడతారు. ఎన్నోసారో ఇద్దరికీ తెలుసు. అయినా అతను "తర్వాతేమైంది?" అని అడుగుతాడు.

"కారు అమ్మేస్తే నాన్నకీ ఈ తిరుగుడు తప్పుతుంది," అంది అమ్మాయి. "హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

"హాయిగానే," అన్నారు గార్డుగారు, చేతులు చూసుకుంటూ.

ఈసారి ఆమె డాక్టరు నెత్తిమీదే నిలబడింది. అతను పైపు తొడిగి, క్లిప్పు మర ఇక తిరగనని మొరాయించేదాకా బిగించాడు.

"లాగి చూడండమ్మా."

రెండు చేతులతో లాగింది. పైపు ఉడుంపట్టు పట్టింది.

"ఇప్పుడు సరే. ఇక మీరు చెయ్యి పెట్టకండి," అంటూ బానెట్ తనే మూసింది.

గార్డుగారు స్టూలు మీంచి లేచారు. "ఉంటానోయ్, డాక్టరూ."

ఎప్పుడూ 'మళ్లీ వస్తా' అనే మనిషి. కారు సందు తిరిగాక డాక్టరు గ్లాసులు రెండూ కడిగి, ఒకదాన్ని అలమరలో బోర్లించాడు.

ఎండ వాలకముందే కారు దగ్గుకుంటూ తిరిగొచ్చింది.

"తప్పింది!" అమ్మాయి గొంతులో కోపం కూడా అలిసిపోయింది. "ఆ పైపే! నేనే లాగి చూశానా? దారిలో ఎక్కడా ఆగలేదు. రేడియేటర్లో నీళ్లు చూస్తానని నాన్న దిగితే ఒక్క నిమిషం ఆపాను, అంతే. వేరే షెడ్డువాళ్లనడిగితే ఈ పాతగొట్టాల జోలికే రామన్నారు. మళ్లీ మీరే దిక్కు, నా ఖర్మ!"

కొనేవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా, ఫోను పట్టుకుని వీధిలోకి నడిచింది.

డాక్టరు బోర్లించిన గ్లాసు దించి టీ పోశాడు. గార్డుగారు జేబులోంచి చెయ్యి తీసి అందుకున్నారు. బొటనవేలికి నల్లటి గ్రీజు మరక. అది చొక్కా అంచుకీ పాకింది.

"పాతబండి కదోయ్," అన్నారాయన ఎటో చూస్తూ. "దానికి వెళ్లాలని లేదేమో."

డాక్టరు బానెట్ ఎత్తి, వదులుగా వేలాడుతున్న క్లిప్పుని చాలాసేపు చూశాడు.

ఈసారి మాత్రం దాన్ని వదులు చేసింది తను కాదు.