నూటికి రెండు పాళ్లు

"ఈ అంకె వేసింది మీరేనా?"

విచారణకు వచ్చిన అధికారి కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

"నేనేనండీ," అంది కెమిస్టు. "మా నాన్న ఈ అంకె వల్లే పోయాడు. అది కూడా రాసుకోండి."

"లెక్క చూశాక రాస్తాను. ముందు కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. తండ్రి పోయి తొమ్మిది రోజులైంది. ఆయన ఇదే ఫ్యాక్టరీలో డ్రమ్ములు నింపేవాడు. లారీ నాలుగు రోజులు ఆలస్యమైంది. ఎండకు రేకుల షెడ్డులో ఆకు సారం డ్రమ్ము ఒకటి ఉబ్బింది. ఆయన వెళ్లి దాని బిరడా వదులు చేశాడు. బిరడా ఎగిరి ఛాతీకి తగిలింది. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

డ్రమ్ములు షెడ్డులో ఉండవచ్చా, చల్లగదిలోనే ఉండాలా అన్నది సారం ఆవిరి పీడనాన్ని బట్టి తేలుస్తారు. తేల్చేది ఆమె. సారంలో పద్నాలుగు పదార్థాలుంటాయి. ఏది ఎంత వంతు ఉందో యంత్రం చెబుతుంది. ఒక్కోదాని వంతును, విడిగా దానికుండే పీడనంతో గుణించి, అన్నీ కూడాలి. మొత్తం తక్కువగా వచ్చింది. 'షెడ్డులో ఉంచవచ్చు' అని ఆమె సంతకం చేసింది.

అధికారి పద్నాలుగు వరసలూ తన పెన్నుతో మళ్లీ వేశాడు. తలుపు దగ్గర ట్యాంకు మేస్త్రి నిలబడి చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆమె తండ్రితో కలిసి పనిచేసినవాడు.

"కూడిక తప్పలేదు," అన్నాడు అధికారి. "గుణకారమూ తప్పలేదు."

ఆమె అప్పుడు కూర్చుంది.

"మరి డ్రమ్ము ఎందుకు ఉబ్బిందండీ?"

అధికారి చల్లటి బీరువాలోంచి లక్కతో సీలు వేసిన సీసా తెప్పించాడు. ఆమె లెక్క కట్టిన శాంపిల్‌తో పాటు అదే ట్యాంకులోంచి అదే రోజు మేస్త్రి తీసి దాచిన రెండో శాంపిల్. సీలు పగలగొట్టి మూత తీయగానే ఆమె నుదురు పట్టుకుంది.

"తలనొప్పా?"

"చేరిన కొత్తలో రోజూ వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఇంత ఘాటు చూసి చాలా రోజులైంది."

యంత్రం నలభై నిమిషాలు తీసుకుంది. కాగితం బయటికి రాగానే ఆమె మొదటి వరస చూసి ఆగిపోయింది. ఆకులోంచి సారం లాగడానికి వాడే తేలిక ద్రావకం అది. ఎంత మరిగించినా కొంత మిగులుతుంది, అన్నిటికంటే ముందు అదే ఎగిరిపోతుంది. ఆమె పాత కాగితంలో అది నూటికి రెండు పాళ్లు. ఇందులో పదహారు.

"అన్నీ కూడితే మొత్తం పీడనం ఏడు రెట్లు," అన్నాడు అధికారి. "ఇది తెలిస్తే సంతకం పెట్టేవారా?"

"చచ్చినా పెట్టను."

"అంటే మీకొచ్చిన సీసా చాలాసేపు మూత లేకుండా ఉంది. ఎవరు తెచ్చారు?"

"ట్యాంకు దగ్గర తీసేది ఈ బాబాయ్. ఇక్కడికి తెచ్చేది నాన్న. నాన్న మూత వదిలేయడండీ. ఆయన్ని అందరూ 'బిగింపు' అనేవాళ్లు."

"ఆయన బిగిస్తే విప్పడానికి ఇద్దరు కావాలి సార్," అన్నాడు మేస్త్రి. "ఒకసారి తన టిఫిను డబ్బా తనే తీయలేక పస్తున్నాడు." నవ్వబోయి ఆగాడు. "మూత పెట్టడం మర్చిపోయింది నేనే. నా పేరు రాసుకోండి."

అధికారి పెన్ను తీశాడు.

"ఆగండి," అంది ఆమె. "బాబాయ్, నాకొచ్చిన సీసా మూత పటకారుతో తీశాను. అది నాన్న చేతి బిగింపే. నువ్వెందుకు మీదేసుకుంటున్నావు?"

"రిటైరయ్యేవాణ్ణి, నన్నేం చేస్తార్లే తల్లీ. వదిలెయ్."

"వదలను. మా నాన్నని చంపింది ఎవరో నాకు తెలియాలి."

మేస్త్రి తలుపు వదిలి ఆమె దగ్గరికి వచ్చాడు.

"బిగించింది మీ నాన్నే. సాయంత్రం, నీ దగ్గరికి తెచ్చే ముందు."

"నువ్వు తీసింది పొద్దున కదా. అప్పటిదాకా?"

"మూత తీసి ఎండ తగిలే కిటికీలో పెట్టేవాడమ్మా. ఆ ఒక్కరోజే కాదు, నువ్వు తలనొప్పితో అన్నం మానేసిన నాటినుంచీ రోజూ. నేను వద్దంటే, 'ఘాటంతా పోనీరా, పీల్చేది మా పిల్ల' అనేవాడు."