పులిసిన పిండి నేరం

మద్యనిషేధం వచ్చిన తొమ్మిదేళ్లకు, దొంగసారాతో బలిసిన ముఠాలు ఇడ్లీ పిండి అమ్మకానికి కూడా దిగాయి. సర్కారు ప్రతి వంటింట్లో బిగించిన వాసన యంత్రానికి సారాకీ పులిసిన పిండికీ తేడా తెలియదు. పిండి పొంగితే చాలు, కూత పెట్టేది. అందుకే తెనాలిలో అందరూ వాసన చంపే మందు కలిపిన ముఠా పిండినే చాటుగా కొనేవారు.

ఆ పిండి తిని హైమవతమ్మ మనవరాలు మూడు రోజులు వాంతులు చేసుకుంది. నాలుగో రోజు హైమవతమ్మ మినప్పప్పు నానబోసింది.

"జైల్లో పెడతారు అత్తయ్యా," అంది కోడలు ప్రసూన.

"పెట్టనీ. వీధిలో అందర్నీ నానబోయమన్నా. ఎంతమందిని పెడతారో చూద్దాం."

మర్నాడు తెల్లవారేసరికి నలభై ఇళ్లలో యంత్రాలు కూశాయి. హైమవతమ్మ ఇంటికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గిన్నె మూత తీసి, వాసన చూశాడు. తర్వాత స్టూలెక్కి యంత్రం వైరు పీకేశాడు.

"రిపోర్టులో ఏం రాస్తావు నాయనా?" అంది హైమవతమ్మ.

"ఇడ్లీ పిండనే రాస్తానమ్మా. నలభై రిపోర్టులూ ఒకేలా ఉంటే పైవాళ్లు చదవక తప్పదు." గొంతు తగ్గించాడు. "మా ఇంట్లోనూ ముఠా పిండే. మా బాబు వాంతులతో పడుకునే ఉన్నాడు."

హైమవతమ్మ పొయ్యి వెలిగించింది.

"కూర్చో. మొదటి వాయి వాడికి పట్టుకెళ్దువుగాని."